చౌడమ్మ గుడిలో గట్టి క్యాండిడేటు

పార్టీ ఇన్‌చార్జి సోమశేఖర్‌కు ఈసారి జెడ్పీటీసీకి గట్టి క్యాండిడేటు కావాలి. గట్టి అంటే గెలిచేవాళ్లని కాదు, గెలిచాక గోడ దూకనివాళ్లని. పోయినసారి ఆయన గెలిపించినవాళ్లంతా ఊరేగింపు డప్పులు ఆగకముందే కండువాలు మార్చేశారు.

అందుకే మగ్గం నేసే అంజనమ్మను ఎంచుకుని చౌడమ్మ గుడికి తీసుకొచ్చాడు. నేతగాళ్ల వీధుల్లో ఆమె మాట కాదనేవాళ్లు లేరు. కులదేవత ముందు పెట్టిన ఒట్టు ఆమె ప్రాణం పోయినా తప్పదు.

"నీ మీద నమ్మకం లేక కాదక్కా. కాలం అట్లుండాది," అన్నాడు.

అంజనమ్మ పార్టీ పేరు చెప్పి, గెలిచినా ఓడినా దాన్ని వదలనని ఒట్టేసి, వెలిగే కర్పూరాన్ని అరచేత్తో ఆర్పింది.

అంతలో సోమశేఖర్ ఫోను మోగింది. స్తంభం చాటుకు పోయి మాట్లాడి వచ్చి, అమ్మవారికి ఇంకో దండం పెట్టాడు.

"అక్కా, అవతలి పార్టీవాళ్లు రమ్మంటాండారు. ఈ మండలం గెలిపించి ఇస్తే రేపు నాకు ఎమ్మెల్యే టికెట్ అంట! పా, ఇద్దరం ఆడికే పోదాం."

అంజనమ్మ మసైన అరచేయి చూపించింది.

"నేను యాడికీ రాలేనన్నా. ఒట్టు పెట్టించింది నువ్వే గదా."

ఇక ఆమెను ఓడించాల్సింది తనేనని సోమశేఖర్‌కు అప్పుడు తట్టింది. తల పట్టుకుని గుడి మెట్ల మీద కూలబడ్డాడు.

"ఇంత గట్టి క్యాండిడేటును ఈ నా కొడుకులకు ఎవరు ఎతికిచ్చినారప్పా!"