పేరు పెట్టి పిలిచిన గొంతు

హైమావతి ఒక పెద్దాసుపత్రి క్లౌడ్‌కి కాపలా ఉద్యోగి. పని ఇంట్లోంచే. ఆ రోజు హాల్లో బెండకాయలు తరుగుతుంటే చేతికున్న హెచ్చరికల పట్టీ వణికింది. రోగుల ఆక్సిజన్ యంత్రాలు నడిపే చోటికి ఎవడో దొంగ చొరబడుతున్నాడు. ఎటునుంచా అని వెతికితే, దారి తన ఇంట్లోంచే ఉంది.

పోయినవాళ్ల గొంతులను క్లౌడ్‌లో దాచుకుని మాట్లాడుకోవడం అప్పటికి ఇంటింటా మామూలే. అత్తగారు వరహాలమ్మ కూడా పోయిన భర్తతో కబుర్లాడుతూనే వంట చేసేది. దొంగ దూరింది ఆ గొంతులోకే. దాన్ని చెరిపేస్తే తప్ప దారి మూసుకోదు. చెరిపేస్తే మళ్లీ రాదు.

హైమావతి వంటింట్లోకి పరుగెత్తింది. "అత్తయ్యా, మావయ్య గొంతు తీసెయ్యాలి. లేకపోతే ఆసుపత్రిలో మనుషులు పోతారు."

చింతపండు పిసుకుతున్న వరహాలమ్మ చెయ్యి ఆగింది. "తీసెయ్యమ్మా," అంది.

హైమావతి పట్టీ మీద నొక్కగానే గొంతు మాట మధ్యలో ఆగిపోయింది. యంత్రాలకు ఏమీ కాలేదని పట్టీ మీద కబురొచ్చింది. హైమావతి అక్కడే చతికిలబడి ఏడ్చేసింది.

"ఏడవకు. అది ఆయన కాదని పొద్దున్నే తెలిసింది," అంది వరహాలమ్మ. "కాపురం చేసినన్నాళ్లూ 'ఏమే' అనడమే గానీ, ఏనాడూ నా పేరు పలకలేదు. ఇవాళ 'వరహాలూ' అని పిలిచి, ఇంటి పాస్‌వర్డ్ అడిగాడు. చెప్పేశాను."

"తెలిసి కూడా ఎందుకు చెప్పారత్తయ్యా?"

వరహాలమ్మ మళ్లీ చింతపండు పిసకడం మొదలుపెట్టింది.

"చెబితే ఇంకోసారి పిలుస్తాడనుకున్నానమ్మా."