జిప్పు లేని ఆవ్‌జాయ్

"జిప్పు వద్దమ్మాయ్. హుక్కులూ వద్దు. గుడ్డ నాడాలే పెట్టు," అంది లూ పెద్దమ్మ, గొడుగు ముడుస్తూ.

మియెన్ మిషను తొక్కడం ఆపింది. హైఫాంగ్ రేవు బజారులో జిప్పు కుట్టాలంటే ఆమే కుట్టాలి. గుడ్డ పొంగదు, జిప్పు పళ్ళు పైకి కనపడవు. పెళ్ళికూతుళ్ళు ఆవ్‌జాయ్ అనే ఆ పొడుగాటి పట్టు అంగీ వేసుకుని పక్కన తడుముకుంటే తప్ప జిప్పు ఎక్కడుందో తెలియదు. అలాంటి మనిషి దగ్గరికొచ్చి జిప్పు వద్దనడం ఆమెకు చిన్నతనంగా తోచింది.

"నా జిప్పుకేం రోగం పెద్దమ్మా?"

"నీ జిప్పుకేమే, బంగారం! దీనిలో ఇనుము ముక్క ఉండకూడదు, అంతే."

మియెన్ చెయ్యి చక్రం మీదే ఉండిపోయింది. లోహం తగలని బట్ట ఎవరికి కుడతారో ఆ బజారులో పసిపిల్లలకు కూడా తెలుసు. మట్టిలో పెట్టిన మనిషిని కొన్నేళ్ళకు మళ్ళీ పైకి తీసి ఎముకలు కడగడం అక్కడి ఆచారం. వాటి మధ్య జిప్పు పళ్ళు దొరకకూడదు.

"ఎవరు పోయారు?"

"ఇంకా ఎవరూ పోలేదు."

"ఓహో, ముసలావిడ ముందే కుట్టించుకుంటోందా? మా అత్తా అంతే. ఏడాదికోసారి ఎండలో ఆరేసుకుని మురిసిపోయేది."

"ముసలావిడ కాదే. ఈడులోనే ఉందట. పైగా ఆవిడకు ఈ సంగతి తెలీదు."

బయట సన్నటి తుంపర పడుతోంది. కొట్లో పట్టపగలే చీకటిగా ఉంది. లూ పెద్దమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. కిందటి నెలే ఈ బజారుకు వచ్చి, పోయినవాళ్ళకు తగలబెట్టే కాగితపు ఇళ్ళూ కాగితపు చెప్పులూ అమ్మే కొట్టు పెట్టింది. చావు పనులేవైనా సరే, మనుషుల్ని కుదిర్చిపెడుతుంది.

"మొగుడొచ్చాడు," అంది గొంతు తగ్గించి. "డాక్టరు ఆయనొక్కడికే చెప్పాడట, వానాకాలం దాటదని. పెళ్ళానికేమో ఏదో కథ చెప్పి నెట్టుకొస్తున్నాడు. కొలతలు కూడా ఆవిడ నిద్రపోతుంటే తీశాడట. ఇదిగో."

మియెన్ ఒళ్ళో ఎర్రటి నూలుతాడు పడింది. మెడ, చంక, నడుము, మడమ. ఒక్కో చోట ఒక్కో ముడి, గట్టిగా బిగించి ఉంది. దాన్ని ముట్టుకోవాలంటే ఆమెకు ఎందుకో జంకు కలిగింది.

"ఈ బజారులో మాత్రం ఎవరికీ ఇవ్వొద్దన్నాడు. నలుగురి నోటా పడుతుందని కాబోలు. సరేనన్నాను గానీ, నీలాంటి పనితనం ఇంకెక్కడ దొరుకుతుంది చెప్పు?"

మియెన్‌కు ఒళ్ళు మండింది. "చావుబట్ట గురించి నీకు తెలియొచ్చు, నాకు తెలియొచ్చు, వేసుకునే దానికి తెలియకూడదా? నా మొగుడే ఇలాంటి పని చేస్తేనా..."

"ఛీ, నోరు ముయ్యి! అశుభం! మనలో ఎవరు చెబుతారే? చెబితే ఆ భయంతోనే పోతారు." లూ పెద్దమ్మ లేచింది. "రంగు నువ్వే చూడు. ఆవిడకేది ఇష్టమని అడిగితే, ఎప్పుడూ అడగలేదని ఏడ్చాడు పాపం."

ఆమె వెళ్ళాక మియెన్ పై అరలోంచి తామరరంగు పట్టు దించింది. ఊళ్ళోవాళ్ళకు ఎన్నో కుట్టింది గానీ, తనకంటూ ఆ రంగు కుట్టుకోవడం ఎప్పుడూ కుదరలేదు.

మధ్యాహ్నం మియెన్ మొగుడు కియెమ్ వచ్చాడు. రేవులో పడవలకు మోకులు కట్టే పని అతనిది. ఈమధ్య పని మధ్యలో వచ్చి మరీ పెళ్ళానికి తిండి తెచ్చిస్తున్నాడు. పెళ్ళిళ్ళ హడావిడిలో వేళకు తినక చిక్కిపోతోందని అతని బెంగ.

"చేపల గంజి. వేడి మీద తాగు," అంటూ గిన్నె మూట బల్ల మీద పెట్టాడు.

"మళ్ళీ ఈ ముడేనా? గంజి కట్టావా, ఓడ కట్టావా? రోజూ కత్తెరతో కోయలేక చస్తున్నానయ్యా!"

"ఒలక్కుండా ఉంటుందని..." అతని చూపు పట్టు మీద పడి ఉన్న ఎర్రతాడు దగ్గర నిలిచింది. "అదేంటి?"

మియెన్ కోపంగా చెప్పుకొచ్చింది. వింటున్నంతసేపూ కియెమ్ తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"తిరిగిచ్చెయ్," అన్నాడు చివరికి. "ఇలాంటివి కొట్లో ఉంచకు."

"దయ్యం పట్టుకుంటుందా?"

"నీకెందుకివి? పెళ్ళి బట్టలు కుట్టుకో, చాలు." టీ అయినా తాగకుండా తుంపరలోకి వెళ్ళిపోయాడు.

మగాళ్ళంతా ఒకే రకం పిరికివాళ్ళు, అనుకుంది మియెన్. తిరిగివ్వదు. కుడుతుంది, జిప్పు పెట్టి మరీ కుడుతుంది. అప్పుడు ఆ మొగుడే గొడవకు వస్తాడు. వస్తే మొహం మీదే అడుగుతుంది, నీ పెళ్ళానికి చెప్పావా లేదా అని. ఆ పెళ్ళాం ఎవరో గానీ, ఎన్నడూ చూడని ఆమె మీద మియెన్‌కు చెప్పలేనంత జాలి వేసింది.

ఇత్తడి పళ్ళ జిప్పుల పెట్టె తెరిచింది. పొడుగు చూద్దామని, అలవాటుగా తాడును తన ఒంటి పక్కకే ఆనించుకుంది. ఒక ముడి చంక కింద, ఒకటి నడుము దగ్గర ఆగాయి. చివరి ముడి మడమను తాకింది. నయం, తన కొలత జిప్పే దీనికీ సరిపోతుంది.

ముందు గంజి తాగుదామనిపించింది. తాడు చేతిలో ఉండగానే కత్తెర తీసి, మూట దగ్గరికి వంగింది.

తాడు మీదా, మూట మీదా అదే మోకుముడి.