తడిసిన గుడ్డ

“ఇంకా పొయ్యలేదా?”

పంచలోంచి కొండలయ్య అరిచాడు. పొద్దుటి నుంచి అదే ప్రశ్న. మనవడు పుట్టి మూడో రోజు, ఇంతవరకూ చుక్క ఉచ్చ పోయలేదు. ముసలాయన గుమ్మం దాకా వస్తాడు, పురిటి గది కాబట్టి ఆగిపోతాడు, మళ్లీ వెనక్కి తిరుగుతాడు. ఒకచోట కుదురుగా కూర్చుంటే ఒట్టు.

“పోస్తే చెప్పనా?” లోపలి నుంచి ఆయన భార్య మాలకొండమ్మ కసిరింది.

“ఇంక చూసేది లేదు. సిద్ధయ్యకు కబురు పెట్టినా. వస్తా ఉండాడు.”

ఆ మాటకు మంచం మీద కోడలు చెంచులక్ష్మి బిడ్డను దగ్గరికి లాక్కుంది. సిద్ధయ్య వాతలు పెట్టే మనిషి. పసుపుకొమ్ము నిప్పుల్లో కాల్చి బొడ్డు కింద అంటిస్తాడు. ఉచ్చ బిగిసిన బిడ్డలకు ఉదయగిరి చుట్టుపక్కల అదే వైద్యం. ఆ వాతతో బతికినవాళ్ల గురించి అందరూ చెబుతారు. పోయినవాళ్ల ఊసు ఎవరూ ఎత్తరు.

“వద్దత్తా. పిడికెడు పొట్ట వాడిది. సచ్చిపోతాడు,” అంది ఏడుస్తూ.

“ఈ ఇంట్లో మగోళ్లందరికీ వాత పడిందే! నాకు పళ్లేదా?” బయటి నుంచే జవాబిచ్చాడు కొండలయ్య. “మాల్యాద్రి ఒక్కడే తప్పించుకున్నాడు. కొమ్ము కాలే లోపల గుడ్డ తడిపినాడు.”

మాల్యాద్రి చెంచులక్ష్మి మొగుడు. కరువు పనికని కాలవ తవ్వడానికి పోయి ఉన్నాడు. ఇంట్లో ఉంటే మాత్రం నాయనకు ఎదురు చెప్పేవాడా ఏం!

మాలకొండమ్మ కోడలి పక్కన టెంకాయ చిప్ప పెట్టింది. “ముర్రుపాలు పిండి దీంట్లో పొయ్యి. మూడు దినాలు దాటేదాకా అవి బిడ్డకు పట్టగూడదు.”

ఆచారం అది. పచ్చగా, చిక్కగా ఉండే ఆ తొలిపాలు చెడ్డవని పారబోస్తారు. అందాకా బిడ్డకు ఆముదం నాకిస్తారు. చెంచులక్ష్మి పళ్ల బిగువున పిండింది.

“నిప్పులు తేండమ్మా!” బయట సిద్ధయ్య గొంతు.

మాలకొండమ్మ లేచింది. “గుడ్డ తడిస్తే చాలు, వచ్చినోడు వచ్చినట్టే పోతాడు. ఏం చేసేది, తడవకపాయె,” అని విసుక్కుంటూ నిప్పులు తీసుకుని వెళ్లింది. చిప్ప మాత్రం అక్కడే వదిలేసింది.

చెంచులక్ష్మి బిడ్డను చూసింది. పెదాలు ఎండిపోయాయి. ఏడవడానికి కూడా వాడికి ఓపిక లేదు. బయట పసుపు కాలుతున్న వాసన మొదలైంది. ఆమె గబుక్కున చిప్ప అందుకుని, వాడి కింది గుడ్డ మీద కాసిని పాలు ఒంపింది.

“పోసినాడు! అత్తా, పోసినాడు!”

మాలకొండమ్మ పరుగెత్తుకొచ్చి గుడ్డ లాగి, గుమ్మంలోంచి చూపించింది. పచ్చటి తడి. కొండలయ్య రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. సిద్ధయ్య కొమ్మును బూడిదలో గుచ్చి, తలగుడ్డ సర్దుకుని వెళ్లిపోయాడు.

తలుపు మూసి, మాలకొండమ్మ ఆ గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుంది. చెంచులక్ష్మి తల దించుకుంది.

“చిప్పలో ఇంకా ఉండాయా?”

“ఉండాయి,” తలెత్తకుండా అంది.

“అవి కూడా గుడ్డకే తాపుతావా? బిడ్డకు పట్టు. తర్వాత రొమ్ముకేసుకో.”

“మూడు దినాలు దాటలేదు గదత్తా!”

“మెల్లిగా మాట్లాడు. మీ మామ చెవులు గుమ్మంలోనే ఉంటాయి.”

బిడ్డ మొదట చప్పరించాడు, తర్వాత గట్టిగా పట్టుకున్నాడు. నిద్రపోయి, లేచి, మళ్లీ తాగాడు. పొద్దు వాలేవేళకు చెంచులక్ష్మి తొడ మీద వెచ్చగా తగిలింది. చూసుకుంటే చీర తడిసింది. ఈసారి నిజంగానే. పోసినాడని ఇంకోసారి అరవడానికి లేదు గదా, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

“అత్తా, ఈ పాలు తాగితే పోస్తాడని నీకెట్టా తెలుసు?”

మాలకొండమ్మ ఖాళీ చిప్పను బోర్లించింది.

“మీ ఆయనప్పుడు సగం గుడ్డ మీద పోసినా, సగం వాడి నోట్లో పోసినా.”