పల్లెకొచ్చిన గోరింకలు

ఒక బస్టాండు రేకుల కింద వీరాసామి అనే గోరింక భార్యతో, ఇద్దరు పిల్లలతో కాపురం ఉండేవాడు. హారన్ల మోతకు విసిగిపోయి ఒకరోజు, "పల్లెకు పోదాం. అక్కడ తీరిగ్గా బతకొచ్చు" అన్నాడు.

అందరూ జొన్నచేను గట్టున ఉన్న తుమ్మచెట్టు మీదికి మారారు. వీరాసామి బారెడు పొద్దెక్కేదాకా పడుకున్నాడు. లేచి చూస్తే కింద బిస్కెట్టు ముక్కలు లేవు, పకోడీ పొడి లేదు. ఉన్న పురుగుల్ని మిగతా పిట్టలు పొద్దున్నే తినేశాయి. మర్నాడూ అంతే. పిల్లలు ఆకలికి ఏడుపు అందుకున్నారు.

"తీరిక దొరికింది సరే, తిండి ఏదీ?" అంది భార్య.

వీరాసామి సిగ్గుపడుతూ గట్టు మీద మేస్తున్న గేదె దగ్గరికి వెళ్లాడు. "అక్కా, ఇంత నెమ్మదిగా ఉంటావు కదా, నీకు కడుపెలా నిండుతుంది?"

"తెల్లారకముందే మొదలుపెడతాను తమ్ముడూ, సాయంత్రందాకా ఆపను. పరుగులు పెట్టను, అంతే. రేపు నా వెంట రండి. నేను అడుగేస్తే గడ్డిలోంచి మిడతలు లేస్తాయి."

మర్నాడు వెలుగు రాకముందే నలుగురూ గేదె వెంట బయల్దేరారు. ఎండెక్కేసరికి అందరి కడుపులూ నిండాయి. అంతలో చిన్నపిల్ల, మొదటిసారి తనంతట తానే ఒక మిడతను పట్టి తెచ్చి వీరాసామి ముందు పెట్టింది.

"ఇది నీకు నాన్నా. నేను ఇంకోటి పట్టుకుంటాలే!" అంటూ మళ్లీ గడ్డిలోకి గెంతింది.