మూడో మడి

కర్ర జానెడు లోతు దిగింది. చౌడప్ప దాన్ని పైకి లాగి, కొసకంటిన బురదను వేళ్లతో నలిపి చూశాడు.

"ఇంకా పచ్చిగానే ఉంది సార్."

సూపర్‌వైజర్ పుట్టస్వామి ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. "మూడు నెలలు కావొస్తోంది. మొదట మంచు అన్నావు, తర్వాత మబ్బు అన్నావు. కోలారు ఎండకి రాళ్లు పగులుతున్నాయి, నీ మడి మాత్రం పగలదా?"

ఊళ్లో మరుగుదొడ్ల గుంటలు తోడిన మడ్డిని అక్కడ ఇసుక మడుల్లో పోసి ఎండబెడతారు. నీరు ఇసుకలోకి దిగి, నెర్రెలిచ్చి, పెచ్చులు లేస్తే రైతులు ఎరువుకి ఎత్తుకుపోతారు. తడిగా ఉంటే పార కూడా వెయ్యరు.

"జిడ్డు ఎక్కువ సార్. పైన మీగడ కట్టి, తడిని వదలడం లేదు."

"జిడ్డా? రెండో మడిలోది హోటల్ మడ్డి. ఆ మడి ఈలోగా నాలుగుసార్లు నిండి ఎండింది. ఇది ఇంటి గుంటది, ఏళ్లకేళ్లు మాగిన సరుకు. పదిహేను రోజుల్లో అప్పడం అవ్వాలి. ఎవరింటిదయ్యా ఇది?"

ట్యాంకర్ నడిపే నంజుండ, చౌడప్ప వైపు చూసి తల గోక్కున్నాడు. "ఏదో పాతిల్లు సార్."

"పైగా మూలన టమాటా మొక్క! తోట పెట్టావా?"

"ఊరు తిన్నవన్నీ ఇక్కడే మొలుస్తాయి సార్," నంజుండ నవ్వాడు. "ఆ గింజ కడుపులో అరగదు, గుంటలో కుళ్లదు."

పుట్టస్వామి నవ్వలేదు. "సోమవారానికి మడి ఎండకపోతే నువ్వు ఇంటికి పోవచ్చు చౌడప్పా."

ఆ మధ్యాహ్నం చౌడప్ప రాగిముద్ద సగంలోనే వదిలేశాడు. పెళ్లాం గౌరక్క ఉంటే తిట్టి తినిపించేది. పోయి ఏడాది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న నాటు టమాటా అంటే ఆమెకి ప్రాణం. గాట్లు పడి, నోరు పులిసే కాయ. గుమ్మంలో కూచుని ఉప్పద్దుకుని పచ్చివే తినేది.

"మేకలా ఏమిటే ఆ తిండి? నమిలి చావు," అని కసిరేవాడు.

"గింజ నమిలితే చేదు. మింగితే నీ సొమ్మేం పోయింది?"

ఏటా ఆమె బూడిద కలిపి గోడకి పిడచలుగా కొట్టే విత్తనాన్ని, కర్మ అయిన మర్నాడు అతనే కోపంగా గీకి పారేశాడు. ఇప్పుడు ఆ రకం ఏ సంతలోనూ లేదు.

ఆదివారం తెల్లవారుతూనే మూడో మడి దగ్గరికి వచ్చాడు. అంచున వెంట్రుకంత నెర్రె. చౌడప్ప దాన్ని వేలితో తడిమాడు. అటూ ఇటూ చూసి, పరుగున రెండు బకెట్ల నీళ్లు తెచ్చి అందులో కుమ్మరించాడు. నెర్రె మూసుకుంది.

ఈ మడిలోంచే పీకి పెరట్లో నాటిన మూడు మొక్కలూ రెండో రోజుకే వాడిపోయాయి. మిగిలింది ఈ మూలది. దానికి గాట్లు పడ్డ కాయ ఒక్కటే ఉంది, ఇంకా పచ్చగా. గింజ ముదరడానికి వారమైనా కావాలి.

మూడో మడిలోని మడ్డి చౌడప్ప ఇంటి గుంటలోది.