కొయ్యగుర్రం చరిత్ర

"అక్కడ వద్దు తల్లీ, ఎండకు రంగు పోతుంది" అన్నాడు ముసలాయన, కొయ్యగుర్రం చెవులు రెండూ గట్టిగా పట్టుకుని.

"కిటికీ దగ్గరుంటేనే కదా బాబాయ్‌గారూ దాని అందం! ఆ మూల గోడకి ఆనిస్తే ఎవరికి కనిపిస్తుంది?" అంది ఇల్లాలు.

"పుట్టబోయే పిల్లకి కనిపిస్తే చాలదూ?"

ఆవిడ నవ్వి, ఏడో నెల పొట్ట మీద చెయ్యి వేసుకుంది. పాత వస్తువులంటే ఆవిడకు పడిచచ్చేంత ఇష్టం. హాల్లో నోరు పెగలని గ్రామఫోను, ఎప్పుడో ఆగిపోయిన గోడగడియారం, కుట్టుమిషను కాళ్ళ మీద నిలబెట్టిన బల్ల. పనిచేసే వస్తువంటే ఆ ఇంట్లో చులకన. ఇప్పుడు పిల్లకోసం సిద్ధం చేస్తున్న ఈ గదిలోనూ కొత్తది ఒక్క పరుపే.

ముసలాయనకు పాతసామాన్ల బజారులో కొట్టుంది. అందరూ 'చరిత్రల బాబాయ్' అంటారు. గరిటె అమ్మినా సరే, దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పందే చేతికివ్వడు. అందులో సగం కోతలని ఇల్లాలికి తెలుసు. అయినా ఆ కోతలకోసమే ఆయన దగ్గర కొనేది.

ఈ గుర్రాన్ని మాత్రం ఆయన ఏడాదిగా అమ్మనంటున్నాడు. వెనక గదిలో గుడ్డ కప్పి ఉంచేవాడు. మొన్న తనంతట తనే ఫోన్ చేశాడు. "కొట్టు మూసేస్తున్నాం తల్లీ. మా ఆవిడా నేనూ అనుకున్నాం, మళ్ళీ ఒక పిల్ల ఎక్కి ఊగాలి దాని మీద" అన్నాడు.

"ఇప్పుడు చెప్పండి, ఇది ఎవరిది? నా సంగతి తెలుసు కదా మీకు. దాచకూడదు" అంది ఇల్లాలు.

ఆవిడ సంగతి ఆయనకు తెలుసు. రెండుసార్లు కడుపు నిలవలేదు. "ఎవరెవరో పోయిన ఇళ్ళ సామాన్లు తెచ్చి కొంప నింపితే పిల్లలెలా నిలుస్తారే?" అని తల్లి అంటే మొదటిసారి నవ్వేసింది. రెండోసారి నవ్వడానికి ధైర్యం చాలలేదు. అప్పట్నుంచీ చావు చూసిన వస్తువును గడప తొక్కనివ్వడం లేదు. ఎంతో ముచ్చటపడి కొన్న నిలువుటద్దాన్ని, దాని యజమానురాలు పురిట్లోనే పోయిందని తెలిసి, ఆ పూటే వెనక్కి పంపేసింది.

ముసలాయన భుజం మీది తువ్వాలు తీసి, దుమ్ములేని గుర్రం మెడను మళ్ళీ తుడిచాడు.

"ఒక పిల్లాడిదమ్మా. వాళ్ళ నాన్నే చెక్కాడు. పని ఎంత నాసిగా ఉందో చూడు, ఒక చెవి పెద్దది, ఒకటి చిన్నది."

"ఆ పిల్లాడేడీ?"

"పిల్లాడేంటి! ఇప్పుడు ఆరడుగుల మనిషి. రైలు నడుపుతాడు."

"పెళ్ళయిందా?"

"అయింది, ఇద్దరు ఆడపిల్లలు. పెద్దదానిది అచ్చం నాయనమ్మ ముక్కు. వాడికి బద్ధకం జాస్తి. బూట్లు గుమ్మంలోనే వదిలేసి ఇప్పటికీ తల్లి చేత తిట్లు తింటాడు."

"మరి సొంత పిల్లలకివ్వకుండా అమ్మడమెందుకు?"

ముసలాయన తువ్వాలు మడతపెట్టాడు. "ఇల్లు ఇరుకు" అన్నాడు.

"ఒట్టు?"

ఆయన గుర్రం తలమీద చెయ్యి పెట్టాడు. "ఒట్టు తల్లీ."

ఇల్లాలి మనసు కుదుటపడింది. అబద్ధాలాడేవాడు రాజుల గురించీ రాణుల గురించీ చెబుతాడు గానీ, గుమ్మంలో వదిలేసిన బూట్ల గురించి చెప్పడు కదా అనుకుంది.

"కిటికీకి ఊచలు లేవేంటమ్మా?" అన్నాడాయన ఉన్నట్టుండి.

"నేనే తీయించాను. జైల్లా కనిపిస్తోందని. ఆ పాత చెక్క తలుపులు బార్లా తెరిస్తే ఎంత బాగుందో చూడండి!"

ఆయన చూడలేదు. "మళ్ళీ పెట్టించు. దొంగల భయం."

"రెండో అంతస్తుకు దొంగలేం వస్తారు?"

"వస్తారు" అన్నాడు పుల్లవిరిచినట్టు. తనే గుర్రాన్ని ఈడ్చుకెళ్ళి లోపలి గోడకు ఆనించాడు. టీ తాగి వెళ్ళమంటే వద్దన్నాడు. "కింద వ్యానులో మా ఆవిడుంది. మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కలేదు" అంటూ వెళ్ళిపోయాడు.

ఆయన అడుగుల చప్పుడు ఆగేదాకా ఓపిక పట్టింది ఇల్లాలు. తర్వాత గుర్రం కింద దుప్పటి వేసి మెల్లగా లాగి, వీధివైపున్న ఆ కిటికీ ముందుకు చేర్చింది. రంగు పోతే పోనీ, వెలిసిన రంగే కదా తనకు కావలసింది! పొద్దుటి ఎండలో గుర్రం మెరిసిపోతుంటే కళ్ళు చెమర్చాయి. ఈసారి అంతా సవ్యంగా జరుగుతుందని మొదటిసారిగా నమ్మకం కలిగింది.

కింద వ్యాను బయల్దేరబోయి ఆగింది. తలుపు దబ్బుమంది. కాసేపటికి మెట్ల మీద ఎవరో మూలుగుతూ, రొప్పుతూ వస్తున్న చప్పుడు.

తలుపు తీసేసరికి ఒక ముసలావిడ. కూర్చోమనేలోపే ఇల్లాలిని తప్పించుకుని తిన్నగా గదిలోకి వెళ్ళింది. గుర్రం మెడ కావలించుకుని గోడదాకా లాగి, కిటికీ తలుపులు మూసి గడియ పెట్టింది. వెనకే వచ్చిన ముసలాయన గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"రంగు వెలిస్తే ఆ రైలు నడిపే అబ్బాయి ఏమైనా అంటాడనా పిన్నిగారూ?" అంది ఇల్లాలు తెల్లబోయి.

"ఏ అబ్బాయమ్మా?"

ముసలావిడ భర్తకేసి చూసింది. ఆయన తల దించుకున్నాడు. ఆవిడ వచ్చి ఇల్లాలి చెయ్యి పట్టుకుంది.

"నాలుగేళ్ళ మా బాబు దీని మీదికెక్కి కిటికీలోంచి పడ్డాడమ్మా."