ఎవరూ లేరవ్వా

“సారూ, గా పాట మల్లొక్కసారి సదువుర్రి.”

వెనుక వరుసలోంచి వచ్చిన గొంతుకు లైబ్రరీలో కూర్చున్న వాళ్లంతా తిరిగి చూశారు.

అరవై దాటిన మనిషి. వెలిసిపోయిన నేత చీర. పేరు ఎల్లవ్వ. చదువు రాదు. మూడు ఆదివారాలుగా ధూళిమిట్ట నుంచి బస్సెక్కి వస్తోంది.

దత్తాత్రికి సిద్దిపేటలో తెలుగు లెక్చరర్‌గా మంచి పేరు. భివండి మగ్గాల మీద బతుకు వెళ్లదీసి, రెండేళ్ల కిందట కన్నుమూసిన లింగమూర్తి కవితలను పుస్తకంగా వేయించింది ఆయనే. ఇరవై పేజీల ముందుమాట రాశాడు. ఆవిష్కరణ నాడు కవి భార్య బాలలక్ష్మికి శాలువా కప్పించాడు. ఇప్పుడు ప్రతి ఆదివారం ఆ కవితలకు అర్థం చెబుతున్నాడు.

దత్తాత్రి మళ్లీ చదివాడు.

“నా ఊపిరి నీ దగ్గర మరిచిపోయి వచ్చిన. అడగను, ఉంచుకో.”

ఎల్లవ్వ కళ్లు మూసుకుని విన్నది.

“గీ ‘నువ్వు’ అంటె ఎవరు సారూ?”

“పరమాత్మ. జీవుడు తన ప్రాణం ఆయన దగ్గర విడిచిపెట్టి ఈ లోకానికి వచ్చిండు. అదీ భావం.”

“ఆడమనిషి గాదా?”

ముందు వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

“కాదవ్వా. ప్రియురాలు అన్నది పేరుకే.”

“పుస్తకం మొత్తంల ఎవ్వరు లేరా? జర మంచిగ సూడుర్రి సారూ.”

దత్తాత్రి గడియారం చూసుకున్నాడు. ఇంకా నాలుగు కవితలు మిగిలి ఉన్నాయి.

“ఎవరూ లేరవ్వా. ఏడాది సంది చదువుతున్న, నాకు తెల్వదా? ఇది ఆడ మగ ప్రేమ కాదు. నీకు సమజ్ కాదు గని, కూసో.”

ఎల్లవ్వ కూర్చోలేదు. కొంగు భుజం మీదికి లాక్కుంది.

“గంతేనా సారూ? నేనే ఎట్లనో అనుకున్న.”

గోడ పట్టుకుని ఒక్కో మెట్టు దిగి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం హోటల్లో చాయ్ తాగుతూ దత్తాత్రి స్నేహితులకు ఈ ముచ్చట చెప్పి నవ్వాడు కూడా.

తర్వాతి ఆదివారం ఆమె రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. ఆయన పట్టించుకోలేదు.

నెల తిరిగాక బాలలక్ష్మి వచ్చింది.

“సారూ, పుస్తకం ఒక్కటి ఇయ్యుర్రి. ధూళిమిట్టకు పోతున్న. ఇయ్యాల ఎల్లవ్వ పదకొండో దినం. ఫోటో కాడ పెడ్త.”

అల్మారా తీస్తున్న దత్తాత్రి చేయి ఆగిపోయింది.

“ఎల్లవ్వ పోయిందా? ఆమె ఈడికి వచ్చేది.”

“ఎరుకే సారూ. నేనే పంపిన. సార్ మంచిగ చెప్తడు, నీ చెవులతోని నువ్వే ఇను అన్న. ఏం ఇన్నదో ఏమో, ఆఖరుసారి వచ్చి పోయినంక మంచం పట్టింది. ‘నేనే తప్పు సమజ్ చేసుకున్న బాలలచ్చిమీ’ అన్నది. గంతే. మల్ల గా ముచ్చట ఎత్తలే.”

దత్తాత్రి అల్మారాలోంచి పుస్తకం బయటికి తీశాడు.

“నేనే... ఆ కవితలల్ల ఎవరూ లేరని చెప్పిన.”

బాలలక్ష్మి ఆయన చేతిలోంచి పుస్తకం తీసుకుని గుండెకు ఆనించుకుంది.

“ముప్పై అయిదేండ్లు కాపురం చేసిన సారూ. మా ఆయన నన్ను మంచిగనే సూసుకున్నడు. కానీ గీ పుస్తకంల ‘నువ్వు’ అన్న కాడల్లా ఉన్నది నేను గాదు, ఎల్లవ్వ.”